నూట అయిదుకి అరవై ఎనిమిది

గొలుసు మోసిన చేతులు నావి.
ముప్పయ్యొక్క ఏళ్లు సర్వే ఆఫీసులో
లింకులు లెక్కపెట్టి
అన్నదమ్ముల మధ్య రాళ్లు పాతించినవాణ్ని.
రిటైరైన మూడో నెల
మింది అప్పలసూరి ఇంటికొచ్చాడు:
"మావా, ఓ గ్రౌండు కొలిసి పెట్టాల."

అప్పటికే జట్టుకి పేరుంది. చంపావతి ఎఫ్.సి.
నీలం చొక్కాలున్నాయి, బస్సుంది,
నెలజీతం తీసుకునే ఇరవై ఇద్దరు కుర్రాళ్లున్నారు,
లీగులో చోటుంది.
నేలే లేదు.
పెళ్లికొడుకు ముస్తాబయ్యాక
పీటల కోసం ఊరంతా తిరిగాం.

లీగువాళ్ల కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను.
పొడుగు నూట అయిదు మీటర్లు, వెడల్పు అరవై ఎనిమిది,
అయిదు వేల కుర్చీలు, అంబులెన్సు తిరిగే దారి.
కాగితం మీద
నేల ఎంత చదునుగా ఉంటుందో!

కాలేజీ గ్రౌండులో పొడుగు సరిపోయింది.
ఒకేసారి ఏడు క్రికెట్ ఆటలు,
ఒకడి బంతి ఇంకొకడి వికెట్ పడగొడుతోంది.
ఎగ్జిబిషన్ ఎత్తేశాక జెయింట్ వీల్ గుంత పూడ్చలేదు.
మా గోల్‌కీపరు బిడ్డిక తమ్మయ్య
కొండ మీద మేకల వెంట పరుగెత్తి పడనివాడు
ఆ గుంతలో మడమ మడతేశాడు.

పోలీసు పరేడ్ గ్రౌండు అద్దంలా ఉంది.
ఆఫీసరు గారు ఒక్కటే అడిగారు:
"గోలు పడితే జనం అరుస్తారా?"
"అరుస్తారండీ."
"అయితే కుదరదు."

బొండపల్లి దారిలో నలభై ఎకరాలు ఖాళీ.
ఖాళీ అంటే, గజానికో రాయి.
పసుపు రాసిన రాళ్లు, నంబర్లేసిన రాళ్లు.
సగం నేను పాతించినవే.
ఆ రోజు టేపు తియ్యలేదు.

ఏటి ఇసకలో కొలిచాం.
మేకులు పాతి, సున్నం చల్లి
ఇళ్లకెళ్లి పడుకున్నాం.
పొద్దున్నే అప్పలసూరి ఫోను:
"మావా, మన సెంటర్ సర్కిలు
రాత్రి లారీలో ఎల్లిపోనాది."

చివరికి మూతబడ్డ జూట్ మిల్లు.
గేటుకి కోర్టు తాళం,
గేటు పక్క గోడకి మనిషి దూరేంత కన్నం.
లోపల, నార బేళ్లు ఆరబెట్టిన పెద్ద ఆవరణ.
నేల గట్టిది, నీళ్లు నిలవవు.
షెడ్డు మెట్ల మీద వరసగా కూచుంటే
గేలరీ లాగే ఉంది.
పొడుగు: నూట పదకొండు.
కుర్రాళ్లు ఈలలేశారు.
వెడల్పు: అరవై నాలుగు.
మళ్లీ పట్టాను. అరవై నాలుగే.

ఆ మిగతా నాలుగు మీటర్లలో
వాచ్‌మన్ కోరాడ గవరయ్య గోగు వేశాడు.
పదిహేడు నెలల జీతం రాలేదతనికి.
మిల్లులో నార లేకపోయినా
మిల్లు గోడ కింద ఎర్రకాడల గోగు
నడుమెత్తు నిలబడింది.
"కోసుకోండి బావూ, కూరకి" అన్నాడు,
"పీకమంటే మటుకు పీకను."
ఎవరూ పీకమనలేదు.
కోచ్ మాస్టారు మలయాళంలో ఏదో గొణిగి
ఓ కట్ట అడిగి పట్టుకెళ్లాడు.

లీగువాళ్లు రాశారు:
హోం మ్యాచులు విశాఖపట్నంలో ఆడుకోవచ్చు.
సొంతూరి ఆట చూడ్డానికి
గంటన్నర బస్సు.
మొదటి మ్యాచికి నేనూ వెళ్లాను.
టిక్కెట్టు మీద మా ఊరి పేరు, అడ్రసు వాళ్లది.
వెయ్యి మంది అయినా లేరు.
తమ్మయ్య రెండు గోళ్లు ఆపాడు,
మూడోది ఆపలేదు.
పచ్చిక మాత్రం, అబ్బ,
అరచేత్తో నిమిరి చూశాను
ఒక్క రాయి తగల్లేదు.
ఎవరి గట్టూ కాని నేల
నా సర్వీసులో చూళ్లేదు.

వారం మధ్యలో ప్రాక్టీసు మిల్లులోనే.
బంతి గోగులో పడితే
గవరయ్యే వెతికి విసురుతాడు,
ఆ త్రోకి ఎవరూ విజిలెయ్యరు.
వాన పడిన ప్రతిసారీ సున్నం గీతలు చెరిగిపోతాయి,
మళ్లీ నేనే గీస్తాను.
అరవై నాలుగే.
మూల మీద నేను పాతిన జెండా కర్రకి
మొన్న ఎవరిదో దూడ కట్టేసుంది.
తాడు విప్పుదామని వంగి,
దాని పొట్ట ఎగిరిపడుతుంటే
కాసేపు పక్కనే కూచున్నాను.